యాభైరెండు వారాల పద్దు

పరీక్షా ఫలితాలు వెలువడిన వారంలో సికింద్రాబాదు స్టేషను నుండి ప్యాట్నీ కూడలి వరకు నడచినవానికి ‘ర్యాంకు’ అను మాటకు అర్థం వేరుగా చెప్పనక్కరలేదు. గోడల మీద, బస్సుల వెనుక, విద్యాలయాల ముంగిట పిల్లల ముఖాలు. ప్రతి ముఖం క్రింద ఒక అంకె. నిన్నటి ఎంసెట్టు నేడు ఈఏపీసెట్టు అయినది. పేరు మారినను అంకె మహిమ మారలేదు. ఒక దినమున మూడు గంటల సేపు వ్రాసిన వ్రాత ఆ అంకెను నిర్ణయించును. నిర్ణయించిన తరువాత దానిని బ్రహ్మదేవుడైనను మార్చలేడు. ముప్పది ఏండ్లు గడచినను, పెండ్లి పందిట్లో ఒక మేనమామ ‘మావాడికి ఆ యేడు వచ్చిన ర్యాంకు ఇంత’ అని చెప్పుకొనుచునే ఉండును.

ఈ కంటితోనే తెలుగు పాఠకుడు టెన్నిస్ ర్యాంకును కూడ చూచుచున్నాడు. హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా 2007 ఆగస్టులో సింగిల్స్ ఆటలో ప్రపంచంలో 27వ స్థానానికి ఎక్కినపుడు అతడు పొంగిపోయినాడు. దిగినపుడు, ఆట చెడినదనియు శ్రద్ధ తగ్గినదనియు టీకొట్టు వద్దనే తీర్పు చెప్పివేసినాడు. ఎక్కుటకు గాని దిగుటకు గాని కారణమైన లెక్క ఏమిటని అడిగినవారు తక్కువ. ఆ లెక్క తెలియనిదే 2017 జనవరిలో జరిగిన ఒక విచిత్రం ఎవరికిని బోధపడదు.

ఆ నెల మొదటి వారంలో ఆస్ట్రేలియా దేశపు బ్రిస్బేన్ నగరంలో సానియా, అమెరికా క్రీడాకారిణి బెథనీ మాటెక్ శాండ్స్‌తో కలిసి మహిళల డబుల్స్ పోటీలో ఆడినది. ఇద్దరును ఫైనలులో రష్యా జంటయైన మకరోవా, వెస్నీనాలను ఓడించి కప్పు గెలిచినారు. ఆ వెంటనే వెలువడిన పట్టికలో సానియా ప్రపంచ ప్రథమ స్థానం పోయినది! 2015 ఏప్రిలు 13 నుండి 91 వారాల పాటు ఆమె పేరిట ఉన్న ఆ స్థానం ఎవరికి చేరినది? నెట్టుకు ఇవతల, ఆమె ప్రక్కనే నిలిచి ఆడిన బెథనీకి. ఓడి పదవి పోగొట్టుకొన్న రాజుల కథలు పురాణాలలో కావలసినన్ని ఉన్నవి. గెలిచిన నాడే, తనతో గెలిచినవారికే పదవిని అప్పగించిన కథ మాత్రం టెన్నిస్‌లోనే దొరకును.

ఇందులో మాయ ఏమియు లేదు, ఉన్నదంతయు పద్దు. టెన్నిస్ పోటీలో గెలుచుకొన్న పాయింట్లకు ఆయుర్దాయం సరిగా యాభైరెండు వారాలు. ఒక పోటీలో వచ్చిన పాయింట్లు ఆ సోమవారం ఖాతాలో జమ అగును. మరుసటి యేడు అదే పోటీ ముగిసిన సోమవారం నాడు ఖర్చు వ్రాయబడును. ఆనాడు ఆ పోటీలో మరల ఏమి సంపాదించినారో అది మాత్రం జమ. సానియా 2016 జనవరిలో అదే బ్రిస్బేన్‌లో మార్టినా హింగిస్‌తో కలిసి కప్పు గెలిచి ఉన్నది. అందుకు వచ్చిన 470 పాయింట్లు 2017లో గడువు తీరి రాలిపోయినవి. కొత్త గెలుపు వలన 470 వచ్చినవి. ఒక చేతితో పుచ్చుకొన్నది మరియొక చేతితో ఇచ్చివేసినట్లయినది. బెథనీకి ఆ వారంలో నిరుటి బాకీ అంత బరువైనది లేదు. అందువలన ఒకే విజయం ఒకరి ఖాతాలో నిండుగా చేరినది, వేరొకరి ఖాతాలో చిల్లుకు మాటు వేసినది.

డబుల్స్‌లో కప్పు జంటకు, ర్యాంకు మాత్రం ఎవరిది వారికి. ఇది కూడ చాలమంది గమనింపని సంగతి. 2016 ఆగస్టులో హింగిస్, సానియాల జంట విడిపోయినపుడు ఇద్దరును ప్రథమ స్థానాన్ని సమానంగా పంచుకొని ఉన్నారు. ఆ నెలలోనే సిన్సినాటి పోటీ ఫైనలులో సానియా బార్బొరా స్ట్రైకోవాతోను, హింగిస్ కోకో వాండవేతోను కూడి ఎదురెదురుగా నిలిచినారు. నిన్నటి దాకా ఉమ్మడిగా ఉన్న సింహాసనం ఆ ఆటతో సానియా ఒక్కతెదే అయినది. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు కలిసి దున్నినను పంట ఎవరి గాదెలో వారు పోసికొనుట వంటిది ఈ ఏర్పాటు. పోసికొన్న ధాన్యం ఏడాది దాటినచో పనికిరాదనుట మాత్రం దీనికే చెల్లిన విశేషం.

ఇక 2005వ సంవత్సరం చూడవలెను. ఆ జనవరిలో సానియా వైల్డు కార్డు మీద, అనగా ర్యాంకుతో నిమిత్తం లేక నిర్వాహకులు ఇచ్చు ప్రవేశం మీద, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో అడుగు పెట్టినది. మూడవ రౌండు దాకా వెళ్లి సెరీనా విలియమ్స్ చేతిలో ఓడినది. ఫిబ్రవరిలో సొంత ఊరైన హైదరాబాదులో ఉక్రెయిన్ క్రీడాకారిణి అలోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించి, మహిళల టూర్ సింగిల్స్ కప్పు గెలిచిన తొలి భారతీయురాలు అయినది. తరువాత దుబాయిలో అప్పటి అమెరికన్ ఓపెన్ విజేత కుజ్నెత్సోవాను ఓడించినది. సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్ నాలుగవ రౌండు చేరినది. ఏడాది ముగియునప్పటికి 31వ స్థానం. ఆ యేడు పోటీలలో ఆమె పుచ్చుకొన్నది అపారం. కాపాడుకొనవలసినది దాదాపు శూన్యం. మరి 2006? నిరుడు ఎక్కిన ప్రతి మెట్టు ఆ యేడు ఒక బాకీ చీటీగా ఎదురు వచ్చినది. స్థానం జారినది. పత్రికలు పెదవి విరిచినవి. ఆటను చూచినవారికి గాక అంకెను చూచినవారికి, ఏదో పతనం జరిగినట్లు తోచినది. 2007లో ఆమె 27వ స్థానానికి ఎక్కినపుడు ఆ పెదవులే మరల నవ్వినవి. రెండు పర్యాయాలు కూడ పెదవులకు పద్దు తెలియదు.

పరీక్ష ర్యాంకు రాయి మీద చెక్కిన శాసనం. టెన్నిస్ ర్యాంకు వెన్నెల వలె పెరుగుచు తరుగుచు ఉండునది. అంతే గాక, ఇది ఒక విషయంలో పరీక్ష కంటె దయగలది. పరీక్షనాడు జ్వరం వచ్చిన బాలుడు ఏడాది కోల్పోవును. టెన్నిస్ పద్దులో ఏడాది పొడవున ఆడిన పోటీలన్నిటిని లెక్క కట్టరు. పెద్ద పోటీలు కొన్ని తప్పనిసరిగా చేర్చి, తక్కిన వానిలో మేలైనవి ఏరి, మొత్తం పదునెనిమిదో పందొమ్మిదో ఫలితాలను మాత్రమే కూడుదురు. ఒక మధ్యాహ్నం చెడిపోయినంత మాత్రాన బ్రదుకు చెడదు. కొన్ని పాఠశాలలలో నెలవారీ పరీక్షలు నాలుగు పెట్టి, మేలైన రెండింటి మార్కులు తీసికొను పద్ధతి ఉన్నది. ఉపాధ్యాయులకు దీనిని అర్థం చేసికొనుటకు ఆ పోలిక చాలును.

ఈ లెక్క ఆది నుండి ఉన్నది కాదు. హైదరాబాదువాడైన సయ్యద్ మహమ్మద్ హాదీ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో భారతదేశం పక్షాన టెన్నిస్ ఆడినాడు. డేవిస్ కప్పు ఆడినాడు. తరువాత క్రికెట్‌లో రంజీ ట్రోఫీ తొలి శతకం కొట్టినాడు. ఆయన ర్యాంకు ఎంత అని అడిగినచో సమాధానం లేదు. అట్టి అంకె లోకంలోనే లేదు. ఆ తరువాత చాలకాలం లండను పత్రికల విలేకరులు ఏడాది చివర కూర్చుండి, తమ చూపును బట్టి పదిమంది పేర్లు వరుసగా వ్రాసి అచ్చొత్తించెడివారు. 1960, 1961లలో వింబుల్డన్ సెమీఫైనల్ చేరిన మద్రాసు వీరుడు రామనాథన్ కృష్ణన్‌ను లోకం తూచినది ఆ విలేకరుల తక్కెడలోనే. తూచువారు ఆట తెలిసినవారే. ఐనను మనుష్యులు గదా! చూచిన ఆటకు ఒక విలువ, చూడని ఆటకు ఒక విలువ పడక తప్పదు. అంతకంటె పెద్ద కష్టం ఏమనగా, ఏ పోటీలో ఎవరికి ప్రవేశం ఇయ్యవలెనన్నది నిర్వాహకుల ఇష్టం మీద నడచెడిది. పేరున్నవానికి పిలుపు, పేరు లేనివానికి ఎదురుచూపు.

1973 ఆగస్టు 23న పురుషులకు, 1975 నవంబరు 3న మహిళలకు కంప్యూటరు ర్యాంకులు వెలువడినవి. మొదటి పట్టికల శిరస్సున నిలిచినవారు రుమేనియా దేశీయుడు ఇలీ నస్టాసీ, అమెరికా దేశీయురాలు క్రిస్ ఎవర్ట్. ఆనాడు లెక్క సగటు మీద నడచెడిది. వచ్చిన పాయింట్లను ఆడిన పోటీల సంఖ్యచేత భాగించెడివారు. అంకగణితం బోధించు మాస్టరుగారికి ఇందులోని తిరకాసు వెంటనే తట్టును. సగటు బాగుగా ఉన్నవానికి ఆడుట కంటె ఇంట కూర్చుండుట లాభం. చిన్న పోటీలో ఓడినచో సగటు పడిపోవును. ఆడకున్నచో అది చెక్కు చెదరదు. ఈ దోషం చేతనే పురుషులు 1990లో, మహిళలు 1997లో సగటును విడిచి మొత్తాన్ని పట్టుకొన్నారు. అప్పుడు రోగం రెండవ వైపునకు మళ్లినది. ఎక్కువ పోటీలు ఆడగలవానికి, అనగా ఎక్కువ ప్రయాణాలు చేయగలవానికి, మేలైన ఫలితాలు ఏరుకొను అవకాశం ఎక్కువ. ప్రయాణానికి కావలసినది డబ్బు. లోకంలో ఏ తక్కెడయు ఒక వైపునకు కొంచెమైనను వ్రాలకుండ ఉండదని ఊరుకొనవచ్చును. కాని అది ఏ వైపునకు వ్రాలుచున్నదో తెలిసి ఉండుట అవసరం.

ర్యాంకు చేయు అసలు పని పొగడుట కాదు, తలుపు తీయుట. వింబుల్డన్ వంటి గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో ఆడువారు 128 మంది. వారిలో 104 మందికి ర్యాంకును బట్టి నేరుగా ప్రవేశం. 16 మంది ముందుగా జరుగు అర్హత పోటీలలో మూడు ఆటలు గెలిచి రావలెను. 8 మందికి వైల్డు కార్డు. సికింద్రాబాదువారికి దీనిని రైలు భాషలో చెప్పినచో తేలికగా తెలియును. 104 లోపలివారిది ఖాయమైన బెర్తు. ఆ వెనుకవారిది వెయిటింగ్ లిస్టు. ముందున్నవాడెవడైన గాయపడి ప్రయాణం మానుకొన్నచో ఒక స్థానం ముందుకు జరుగును. నూటనాలుగవ వానికిని నూటయిదవ వానికిని ఆటలో ఉన్న భేదం వెంట్రుకవాసి. బ్రదుకులో ఉన్న భేదం బండి ఎక్కినవానికి, ప్లాట్‌ఫారం మీద మిగిలినవానికి ఉన్నంత.

అంకెలు చూచినచో ఇది అతిశయోక్తి కాదని తేలును. గ్రాండ్ స్లామ్ గెలిచినవానికి 2000 పాయింట్లు. మొదటి ఆటలోనే ఓడినవానికి కూడ 10. అట్టడుగున ఉండు పదునైదు వేల డాలర్ల పోటీలో వరుసగా అయిదుగురిని ఓడించి కప్పు గెలిచినవానికి 15. డబ్బు మాట చెప్పనే అక్కరలేదు. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మొదటి రౌండు ఓడినవాడు ఇటీవలి యేండ్లలో లక్ష ఆస్ట్రేలియా డాలర్లకు పైగా తీసికొని పోవుచున్నాడు. ఆ అట్టడుగు పోటీ విజేతకు దక్కునది రెండు వేల అమెరికా డాలర్లకు కొంచెం పైన. విమానపు టిక్కెట్టు, హోటలు గది, కోచి ఖర్చు అందులో నుండియే రావలెను. మేడ మీద ఓటమికిని నేల మీద గెలుపునకును పాయింట్లలో ఉన్న దూరం అయిదు. ఈ సంగతి తెలిసినవాడు మూడువందల స్థానంలో ఉన్న ఆటగాడిని ‘ఏమంత గొప్పవాడు’ అని తేలికగా అనజాలడు.

తెలుగువాడైన సాకేత్ మైనేని 2016లో ఈ వెయిటింగ్ లిస్టు దారినే నడచినాడు. అమెరికన్ ఓపెన్ అర్హత పోటీలలో మూడు ఆటలు గెలిచి అసలు పోటీలోనికి వచ్చినాడు. మొదటి రౌండులో చెక్ దేశీయుడైన యిరీ వెసెలీతో అయిదు సెట్లు పోరాడి, కండరాలు పట్టివేయగా, చివరి సెట్టు 5-7 తేడాతో ఓడినాడు. ఆనాటి పట్టిక చూచినవారికి ‘మొదటి రౌండు’ అన్న రెండు మాటలే కనబడును. నాలుగు ఆటల శ్రమ, అయిదవ సెట్టు వేదన ఏ పట్టికలోను ఇముడవు.

సికింద్రాబాదులో పుట్టిన జె. విష్ణువర్ధన్ కథ ఇంకొక రకం. 2010 ఆసియా క్రీడలలో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో రజతం తెచ్చినవాడు. 2012 లండన్ ఒలింపిక్స్ వేళకు డబుల్స్‌లో అతని ర్యాంకు రెండువందలకు దిగువన ఉన్నది. ఆ ర్యాంకుతో ఒలింపిక్స్ ద్వారం తెరుచుకొనదు. కాని డబుల్స్‌లో మొదటి పదిమందిలో ఉన్నవాడు తన దేశపు ఆటగాడిని జతగా వెంట తెచ్చుకొనవచ్చునని నియమం ఉన్నది. లియాండర్ పేస్ అప్పుడు ఆ పదిమందిలో ఒకడు. మహేశ్ భూపతి, రోహన్ బోపన్న ఆయనతో ఆడుటకు సమ్మతింపలేదు. వారిద్దరు ఒక జంట అయినారు. ఆ తగవులోని న్యాయాన్యాయాలు ఇక్కడ అప్రస్తుతం. ఆ తగవు వలన సికింద్రాబాదు యువకునికి పేస్ ప్రక్కన చోటు దొరికినది. అర్హత లేనివానిని పంపుచున్నారని గొణిగినవారు అప్పుడు తక్కువ కాదు. లండన్‌లో జరిగినది ఇది: పేస్, విష్ణువర్ధన్‌ల జంట మొదటి రౌండులో డచ్చి జంటను ఓడించినది. రెండవ రౌండులో ఫ్రాన్సు దేశపు సోంగా, యోద్రాల చేతిలో ఓడినది. ఆ ఫ్రెంచి జంటయే ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచినది. రెండువందలకు దిగువన ఉన్న అంకె ఆ రెండు ఆటలలో ఎక్కడ దాగినదో గొణిగినవారే చెప్పవలెను.

ఇట్లనుట ర్యాంకును తూలనాడుట కాదు. ఎవరి దయతోను పని లేకుండ, ఎవరి వంశము చూడకుండ, ఏ దేశపు బాలికకైనను తలుపు తీయు సాధనం ఇంతకంటె మెరుగైనది టెన్నిస్ లోకానికి ఇంకను దొరకలేదు. విలేకరుల తక్కెడ కంటె ఇది వేయి రెట్లు మేలు. కాని ఇది ద్వారపాలకుడే గాని న్యాయమూర్తి కాదు. ఆ ద్వారపాలకునికి కూడ పైవారి ఆజ్ఞలు ఉండును. 2022లో వింబుల్డన్ నిర్వాహకులు రష్యా, బెలారుస్ దేశాల ఆటగాళ్లను రానీయకపోగా, పురుషుల సంఘం, మహిళల సంఘం రెండును ఆ పోటీకి పాయింట్లు లేవని ప్రకటించినవి. ఆ యేడు కప్పు గెలిచిన జొకోవిచ్ ఖాతాలో ఒక్క పాయింటు చేరలేదు. నిరుటి గెలుపు తాలూకు 2000 మాత్రం రాలిపోయినవి. ప్రపంచంలో అతి ప్రసిద్ధమైన కప్పును చేత బట్టుకొని ఆయన మూడవ స్థానం నుండి ఏడవ స్థానానికి దిగినాడు. ఇక కరోలిన్ వోజ్నియాకీ 2010 అక్టోబరులో ప్రపంచ ప్రథమ స్థానం ఎక్కినపుడు ఆమె పేరిట ఒక్క గ్రాండ్ స్లామ్ కప్పు లేదు. 2018లో గాని ఆ కోరిక తీరలేదు. ఆమె చేసినదెల్ల ఏడాది పొడవున, వారం తప్పక, నిలకడగా గెలుచుట. పద్దు కోరునది సరిగా అదే.

పద్దునకు దేహం తెలియదు. గాయపడినవాడు ఆరు నెలలు మంచం మీద ఉన్నను సోమవారాలు ఆగవు. సానియా సింగిల్స్ ఆటను విడిచినది మోకాళ్లకు, మణికట్టుకు శస్త్రచికిత్సలు జరిగిన మీదట. ఆడుట మానిన యాభైరెండు వారాలకు ఆ పట్టికలో ఆమె పేరే లేకుండ పోయినది, ఎన్నడును ఆడనట్లే! స్త్రీలకు ఇంకొక సంగతి కూడ ఉన్నది. 2018 అక్టోబరులో ఆమెకు కుమారుడు కలిగినాడు. ప్రసవించిన తల్లి తిరిగి వచ్చునప్పటికి ఖాతా శూన్యం. ఆమె మరల పదునైదు వేల డాలర్ల పోటీలలో చంటివానిని చంకన వేసికొని మొదటి మెట్టు నుండి ఎక్కవలెనా? మహిళల సంఘం 2019 నుండి ఈ నియమాన్ని సడలించినది. ఆటను ఆపిన నాటి ర్యాంకును భద్రపరచి, శిశువు పుట్టిన మూడేండ్ల లోపల కొన్ని పోటీలలో ప్రవేశానికి దానిని వాడుకొననిచ్చినది. సానియా 2020 జనవరిలో తిరిగి వచ్చిన మొదటి పోటీలోనే హోబర్ట్‌లో ఉక్రెయిన్ క్రీడాకారిణి నాదియా కిచెనోక్‌తో కలిసి కప్పు గెలిచినది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు అంకితా రైనాను వెంట బెట్టుకొని వెళ్లుటకు పనికివచ్చినది ఆ భద్రపరచిన ర్యాంకే. అక్కడ మొదటి రౌండులోనే కిచెనోక్ అక్కచెల్లెండ్ర చేతిలో ఓడినారు, అది ఆట. ద్వారం తెరచి ఉండుట న్యాయం. స్త్రీ ఉద్యోగినులకు ప్రసూతి సెలవు ఏనాడో ఇచ్చిన లోకం, ర్యాంకు పట్టికకు దానిని నేర్పుటకు ఇంతకాలం పట్టినది.

ఇప్పుడు పాఠశాల మాట. అఖిల భారత టెన్నిస్ సంఘం పన్నెండేండ్ల లోపువారికి, పదునాలుగేండ్ల లోపువారికి, ఆ పైవారికి వేరు వేరు ర్యాంకులు ప్రకటించుచున్నది. పోటీలు నడుపుటకు అవి కావలసినవే. కాని తల్లిదండ్రుల చేతిలో పడినపుడు ఆ అంకె పరీక్ష అంకెగా మారిపోవుచున్నది. పదకొండేండ్ల బాలికను ఒక వారం ఒక ఊరికి, మరు వారం మరియొక ఊరికి రైలులో త్రిప్పి, పాయింట్లు ఏరుకొని రమ్మని పంపుచున్నారు. తరగతిలో హాజరు పట్టీ మీద ఆ పేరు ఎదుట వరుసగా సున్నలు. ప్రధానోపాధ్యాయుని బల్ల మీద సెలవు చీటీల కట్ట. బాలిక తిరిగి వచ్చినపుడు ఉపాధ్యాయుడు అడుగునది ‘ఎంత ర్యాంకు వచ్చినది?’ అని. ‘ఎవరితో ఆడితివి? ఏ దెబ్బ నేర్చుకొంటివి? ఎందుకు ఓడితివి?’ అని అడుగువారు అరుదు. ఆ వయస్సులో ర్యాంకు చెప్పునది ఆట కంటె తండ్రి జేబు సంగతియే ఎక్కువ. నెలకు మూడు పోటీలకు పంపగల ఇంటి పిల్లకు, మూడు నెలలకు ఒకటి మాత్రమే ఆడగల ఇంటి పిల్లకు నడుమ పట్టికలో కనబడు దూరంలో ఎంత భాగం రాకెట్టుది, ఎంత భాగం టిక్కెట్టుది అన్నది విడదీసి చూపు గడి అందులో లేదు.

గణితం చెప్పు ఉపాధ్యాయులు ఈ పద్దును ఒక్క పర్యాయం నల్లబల్ల మీద వేసి చూపవచ్చును. సగటునకు, మొత్తానికి గల భేదము, గడువు తీరు పాయింట్లు, మేలైన ఫలితాలను ఏరుట: ఇన్ని విషయాలు ఒక్క సానియా ఖాతాలోనే దొరకును. సికింద్రాబాదు పిల్లలు దానిని వడ్డీ లెక్కల కంటె ఇష్టంగా చేయుదురు.

ప్రభుత్వాలు, క్రీడా సంఘాలు చేయవలసినది వేరు. ర్యాంకు పాయింట్లు పోటీలలో ఉండును; పోటీలు ఊళ్లలో ఉండును. ఏ ఊరిలో పోటీ జరుగునో ఆ ఊరి పిల్లలకు వైల్డు కార్డులు దొరకును, ప్రయాణపు ఖర్చు తప్పును. హైదరాబాదులో మహిళల టూర్ పోటీ 2003, 2004, 2005 సంవత్సరాలలో మూడు పర్యాయాలు జరిగినది. ఏడాదికి పెద్ద పోటీలు ఎన్నో నడచు టూరులో అది మిక్కిలి చిన్న మెట్టు. 2006లో అది బెంగుళూరునకు తరలిపోయినది, తిరిగి రాలేదు. సానియా గెలిచిన మరుసటి యేడే ఆ పోటీ ఊరు విడిచినది. ఆమె వెనుక రావలసిన బాలికలకు ఇంటి ముంగిట ఉన్న నిచ్చెనను తీసివేసి, ఆకాశంలో ఉన్న చుక్కను చూపి, ఎక్కరేమని అడుగుచున్నట్లున్నది. విగ్రహాలకు, సన్మానాలకు, నజరానాలకు వెచ్చించు సొమ్ములో ఒక భాగంతో ఏడాదికి నాలుగు చిన్న అంతర్జాతీయ పోటీలు ఈ జంట నగరాలలోను, విశాఖపట్నం, విజయవాడ, వరంగల్లులలోను నడపవచ్చును.

ఆ చిన్న మెట్టు చేసిన పని మరచిపోరాదు. 2003లో హైదరాబాదు పోటీ నిర్వాహకులు పదహారేండ్ల స్థానిక బాలిక ఒకతెకు వైల్డు కార్డు ఇచ్చినారు. టూర్‌లో ఆమెకు అదే మొదటి పోటీ. మూడు సెట్లు ఆడి మొదటి రౌండులోనే ఓడినది. 2004లో మరల వైల్డు కార్డు. ఈ పర్యాయం దక్షిణాఫ్రికా దేశపు లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ కప్పు. 2005లో సింగిల్స్ కప్పు. 2003 నాటి ఓటమికి వచ్చిన పాయింట్లు ఏ కొన్నియో, అవి యాభైరెండు వారాలకు పద్దులో నుండి కొట్టివేయబడినవి.